పొదకొక ఆడమనిషి

డెల్ఫీన్ కళ్లముందే పొదలు చిరిగిపోతున్నాయి. కాంట్రాక్టరు తెచ్చిన కూలీలు ఇనప పళ్లున్న డబ్బాలను కొమ్మల మొదట్లో దిగేసి పైకి లాగుతున్నారు. హకల్‌బెర్రీ పళ్లతో పాటు ఆకులు, పచ్చికాయలు, వచ్చే ఏటి మొగ్గలు కూడా ఊడి వస్తున్నాయి. ఆమె నడుముకున్న దేవదారు వేళ్లతో అల్లిన బుట్ట ఖాళీ. పక్కన నిలబడ్డ యాకమా తెగ ఆడవాళ్లందరి బుట్టలూ ఖాళీయే.

"మీరూ కోసుకోండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు అడవి అధికారి. "కాంట్రాక్టరుకైతే పర్మిట్ కావాలి. పాత ఒప్పందం ప్రకారం మీకదీ అక్కర్లేదు."

కోయలేరు. తెగలో పెద్దదైన లవీనా అమ్మమ్మ తొలిపళ్ల విందులో పాట పాడి తొలి పండు నోట పెట్టుకునేదాకా వాళ్లలో ఎవరూ పండు ముట్టరు. కొండ పై వాలు కూడా పండితేనే విందు. అక్కడింకా పచ్చికాయే.

ఆ సాయంత్రం గుడారాల దగ్గర అందరూ చేరారు. కలప లారీ నడిపే అమోస్, తన మేనత్త డెల్ఫీన్ మీద ఎగిరిపడ్డాడు.

"మనం ఆగుతామని ఆ కాంట్రాక్టరుకి తెలుసత్తా. అందుకే ముందొచ్చాడు. మన మర్యాదే వాడికి పెట్టుబడి. రేపే కోద్దాం!"

"కోసి, ఆ పొదకేం చెప్పుకోమంటావురా?" అంది లవీనా. "వాడి కంటే ముందు మేమే దొంగిలించామనా?"

"చలికాలం పిల్లలకేం పెడతావమ్మమ్మా? పాటా?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఇద్దరి మాటా నిజమే. డెల్ఫీన్‌కి ఎటూ తేలనిది అదే.

"మనం కొయ్యం," అంది చివరికి. "వాణ్ణీ కొయ్యనివ్వం."

తెల్లారేసరికి పొదకొక ఆడమనిషి, కొమ్మల్ని ఒళ్లోకి తీసుకుని కూర్చుంది.

"లేవండమ్మా, మా పొట్ట కొట్టకండి," అన్నాడొక కూలీ.

"నీ పొట్టా మా పొట్టా కొట్టేది ఆ కాంట్రాక్టరు కాదూ? రా, నువ్వూ కూర్చో," అంది డెల్ఫీన్.

అతను కూర్చోలేదు. చేతిలోని డబ్బా మాత్రం కింద పెట్టేశాడు.

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. ముందు లవీనానే ఎత్తుకెళ్లారు. విందు పాట ఆమె ఒక్కదానికే వచ్చు. "ముసల్దాన్ని వదలండ్రా!" అని అడ్డం పడ్డ అమోస్‌ని నేలకు అదిమి సంకెళ్లు వేశారు. మిగతావాళ్లతో పాటు బండెక్కించిన డెల్ఫీన్ జాలీలోంచి చూస్తోంది. తమనెక్కడ నుంచి లేపారో సరిగ్గా అక్కడే డబ్బాలు మళ్లీ దిగుతున్నాయి. అరిచినా అక్కడిదాకా వినపడదు.

అప్పుడు కొండ కింది గుడారాల్లోని తెగ ఆడవాళ్లు దారి నిండా ఎక్కి వచ్చారు. వాళ్లలో కర్ర పట్టుకున్న ఒక ముసలమ్మ పోలీసు ముందు ఆగింది.

"నీ బండిలో ఇంకా ఎంతమంది పడతారు, నాయనా?"

జవాబు కోసం ఆగకుండా, మిగిలిన పొదల్లోకి వెళ్లి కూర్చుంది. ఆమె వెనకే మిగతావాళ్లూ.