చెప్పేదేమైనా ఉందా

పోస్టాఫీసు నడిపే మోర్విద్ చెప్పిందట: వాళ్ళ ఆడపడుచు కొడుకు డాక్టరు చదువు ఇంటర్వ్యూలో అడిగినవాటికల్లా టకటకా జవాబులు చెప్పి, ఆఖర్న "నువ్వు మమ్మల్నేమైనా అడుగుతావా?" అంటే "అబ్బే, ఏం లేదండీ" అన్నాడట. ఆ ఒక్క ముక్కకే సీటు ఎగిరిపోయిందట. ఇప్పుడు కార్డిఫ్‌లో ఏదో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫోనులెత్తుతూ ఏడుస్తున్నాడట.

ఈ మాటను గెథిన్ తాత బిస్కట్ల పొట్లంతో పాటు కొండ మీది ఇంటికి మోసుకొచ్చాడు.

ఆయన మనవరాలు ఎలెరి గుండె జారింది. డాక్టరెందుకు కావాలనుకుంటున్నావంటే ఏం చెప్పాలో నెల రోజులుగా గొర్రెలకు వినిపించి వినిపించి కంఠతా పట్టింది గానీ, ఆఖర్న తను అడగాల్సిన ప్రశ్నల గురించి ఆలోచించనే లేదు. నాలుగు కాలేజీలకు దరఖాస్తు పెడితే మూడు మొహం కూడా చూడకుండా వద్దన్నాయి. మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే ఏడాది ఆగాలి.

"నేనున్నాగా," అని మర్నాడు మోర్విద్ మూడు ప్రశ్నలు తయారుచేసి ఇచ్చింది. ఊళ్ళో వైద్యం సంగతులన్నీ ఆవిడకు తెలుసు. తన రక్తపోటు మాత్రలు తనొక రోజు, చెల్లెలొక రోజు వేసుకుంటారు. "ఒక్క కడుపున పుట్టాం, రక్తం ఒకటే కదా!" అంటుంది. ఆ మాటకొస్తే గెథిన్ తాత రోజూ పొద్దున గొర్రెల టానిక్కు ఒక గరిటెడు తాగుతాడు. మూడు పళ్ళ దిల్విన్ మోకాళ్ళకు గుర్రాల తైలం పూస్తాడు.

దిల్విన్‌కి ఆ పేరు పళ్ళు రాలి రాలేదు. ముప్పై ఏళ్ళ కిందట సంతలో ఒక గొర్రెను అమ్మాడు. అక్కడి పద్ధతేమిటంటే, గొర్రెను బరిలోకి తోలాక వేలం వేసేవాడు "చెప్పేదేమైనా ఉందా?" అని అడుగుతాడు. అప్పుడు సొంతదారు దాని లోపాలన్నీ అందరికీ వినబడేలా చెప్పెయ్యాలి. దిల్విన్ ఏమీ లేదన్నాడు. వారం తిరక్కుండా గొర్రె వెనక్కొచ్చింది, నోట్లో మూడే పళ్ళు. గొర్రె ఎప్పుడో చచ్చిపోయింది, పేరు మాత్రం బతికే ఉంది.

ఎలెరి ఆరేళ్ళప్పటినుంచీ తాత వెంట ఆ బరిలో నిలబడుతోంది.

ఇంటర్వ్యూ సాఫీగా సాగింది. బల్లకు అవతల ఇద్దరు. ఒకాయన డాక్టర్ యాష్‌వర్త్, ఎముకల సర్జను, ఆయనే పెద్ద. పక్కన బేనన్ అమ్మగారు, రిటైరైన బస్సు డ్రైవరు, జనం తరఫున కూర్చున్న మనిషి. ఎలెరి చెప్పినవాటికి ఇద్దరూ తలలూపారు. ఆయన ఫైలు మూశాడు.

"ఇక ఆఖరుకొచ్చాం. మేం అడగకపోయినా మాకు తెలియాల్సింది, నువ్వు చెప్పేదేమైనా ఉందా?"

ఆ మాట చెవిన పడగానే ఎలెరి వెన్ను దానంతటదే నిటారయింది. నోరు కూడా దానంతటదే తెరుచుకుంది.

"ఉందండీ! ఎడమ చెవి కాస్త మందం. పొద్దున్నే కదిలిస్తే కసురుకుంటుంది. ఆకలేస్తే దగ్గరికి వెళ్ళకూడదు. లెక్కలు రెండోసారికి గానీ గట్టెక్కలేదు. కుట్లు వేస్తుంది గానీ వంకరగా వేస్తుంది, అదీ గొర్రెలకే. మేతకు పేచీ లేదు. కాళ్ళు నాలుగూ..." టక్కున ఆగింది. "రెండూ గట్టివే."

బేనన్ అమ్మగారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎలెరి చెవులు ఎర్రబడ్డాయి, మందంది కూడా.

"సరే," అన్నాడు యాష్‌వర్త్ గొంతు సవరించుకుని. "మమ్మల్నేమైనా అడుగుతావా?"

మోర్విద్ ప్రశ్నలను ఎలెరి అరచేతిలో రాసుకుంది. చూస్తే చెమటకు కలిసిపోయి నీలం మరక మిగిలింది. ఇక మిగిలింది తాత పద్ధతే. కొనేవాణ్ణి నాలుగు ప్రశ్నలు అడక్కుండా తాత తాడు చేతికివ్వడు.

"నా లోపాలు నేను చెప్పాను. మీవి మీరు చెప్పండి. నిరుడు మీ దగ్గర ఎన్ని పోయాయి?"

"ఏవి?"

"పిల్లలండీ. చదువు మధ్యలో."

ఆయన కిటికీ వైపు చూశాడు. "పదకొండు మంది."

"జబ్బు చేసా, మేత చాలకా?"

"చెప్పండి డాక్టరుగారూ, మేతేనని!" అంది బేనన్ అమ్మగారు. "ఆ క్యాంటీన్ సూప్ నేనూ తాగాను."

ఒకసారి మొదలుపెట్టాక ఆయన ఆగలేకపోయాడు. మూడో అంతస్తు లిఫ్టు ఈస్టర్ నుంచీ పనిచేయడం లేదు. హాస్టల్లో హీటర్లు మే నెలలోనే వేడెక్కుతాయి. చదువుకునేటప్పుడు మొదటి ఏడాదిలో శవాన్ని చూసి తాను కళ్ళు తిరిగి ఆ శవం మీదే పడ్డాడు. "ఇది మా ఆవిడకు కూడా తెలీదు," అన్నాడు దిగులుగా.

లేచి చెయ్యి చాపాడు. సంతలో బేరం కుదిరినప్పటి అలవాటు కొద్దీ ఎలెరి ఆ చేతిని చాచి ఫెళ్ళున కొట్టింది. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసుకున్నాడు. ఎంతైనా ఎముకల డాక్టరు.

బస్సు దగ్గరికొచ్చిన తాత అంతా విని గడ్డం గోక్కున్నాడు.

"మందం చెవి ఏదన్నావే?"

"ఎడమది, తాతా."

"నీకు మందం కుడిదే కదే! అబద్ధపు లోపం చెప్పొచ్చావు. ఇక వెనక్కి పంపినా కిక్కురుమనడానికి లేదు."

ఎలెరికి మూడు వారాలు తిండి సయించలేదు. నాలుగో వారం ఉత్తరమొచ్చింది. మోర్విద్ దాన్ని అప్పటికే రెండుసార్లు దీపం ముందు పెట్టి చూసింది, కవరు మందం కావడంతో ఏమీ కనబడలేదు. పోస్టాఫీసులో తాత, దిల్విన్, మోర్విద్ చుట్టూ మూగితే ఎలెరి కవరు చించింది.

పరీక్షల్లో మార్కులొస్తే సీటు ఖాయం. అడుగున ఎవరో పెన్నుతో రాశారు: లిఫ్టు బాగైంది. మేత అలాగే ఉంది.

"నా ప్రశ్నలే పనిచేశాయి!" అని మోర్విద్ బల్ల గుద్దింది.

తాత టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"చదువయ్యాక వేరే ఊరెళ్ళావంటే ఊరుకోను," అన్నాడు దిల్విన్. "మాకందరికీ నువ్వే డాక్టరువి."

"వస్తాను గానీ, ముందు మీరు చెప్పండి," అంది ఎలెరి. "తాతా, ఆ టానిక్కు మానేస్తావా? దిల్విన్ మామా, నువ్వు ఆ గుర్రాల తైలం మానేస్తావా? మోర్విద్ ఆంటీ, నీ మాత్ర రోజూ నువ్వే వేసుకుంటావా?"

తాత బూట్ల వైపు చూసుకున్నాడు. దిల్విన్ మోకాలు రుద్దుకున్నాడు. మోర్విద్‌కి ఉన్నట్టుండి స్టాంపులు సర్దే పని గుర్తొచ్చింది.

"అయితే మీకు నేనెందుకు? పశువుల డాక్టర్ని పిలుచుకోండి."