నఫతాలి ఆదివారం నిద్ర

నేతచాపలు ఎండలో వేయాలి. పంది కోసం ఎగువ ఊరికి కబురు పంపాలి. రాళ్లపొయ్యికి కట్టెలు కొట్టాలి. అందరి తెల్లబట్టలూ ఇస్త్రీ చేయాలి. పాటలవాళ్ల చేత రెండుసార్లయినా పాడించి చూడాలి. చివరి పని వలేలియాకు పడింది. సమాధి చేసే ముందు చర్చిలో చదవడానికి నాన్న జీవితాన్ని రెండు పేజీల్లో రాయాలి. సవాయి ద్వీపంలోని ఆ ఇంట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే మరి.

శ్రద్ధగా రాసింది. అమ్మ లోసాకూ, మేనత్త పెపేకూ చదివి వినిపించింది.

"నఫతాలిగారు ప్రతి ఆదివారమూ దేవుని వాక్యాన్ని ఏకాగ్రతతో ఆలకించేవారు..."

పెపే కడుతున్న పూలదండ ఒళ్లో పడేసింది. "ఎవరే ఈ పెద్దమనిషి? మా అన్న ప్రసంగం మొదలవకముందే గురక పెట్టేవాడు కదే!"

"అత్తా, మెల్లగా!"

"మెల్లగా ఏంటే? ఆ గురకకే పాటలవాళ్లు శ్రుతి చూసుకునేవాళ్లు. అవునా కాదా, వదినా?"

లోసా నవ్వాపుకోలేకపోయింది. "గిల్లీ గిల్లీ నా గోళ్లు అరిగిపోయాయి. అది కూడా రాయవే."

వలేలియాకు ఏడుపొచ్చింది. "నన్ను చదివించిన మనిషిని చూసి ఊరంతా నవ్వాలా అమ్మా? ఆఖరి రోజైనా ఆయన్ని గౌరవంగా సాగనంపనివ్వండి."

"నీ ఇష్టం. గిల్లడం నేను ఎప్పుడో మానేశాలే."

"ఎందుకు?"

"వారమంతా రేవులో బస్తాలు మోసేవాడు. పొద్దువాలితే చామతోట. ఆదివారం కోడి కూయకముందే లేచి, రాళ్లు ఎర్రబడేదాకా పొగలో కూర్చునేవాడు. మనం చర్చి నుంచి వచ్చేసరికి దుంపలు వేడిగా ఉండాలట. వారం మొత్తమ్మీద నడుం వాల్చేది ఆ చర్చి బల్ల మీదే. పడుకోనీలే అని భుజం ఇచ్చేదాన్ని. పాస్టరుగారికి అనుమానం రాకుండా మధ్యమధ్యలో మీ నాన్న బైబిల్లో పేజీలు కూడా నేనే తిప్పేదాన్ని."

మర్నాడు చర్చి నిండిపోయింది. వలేలియా ముందు రాసుకున్నదే చదవసాగింది. ఒక్కరి ముఖంలోనూ కదలిక లేదు. అందరూ విసనకర్రలు ఊపుకుంటున్నారు. వెనక బల్ల నుంచి పెపే గొంతు అందరికీ వినబడింది. "పోయింది వేరే ఎవరో ఏమో, ఒకసారి కనుక్కోండి."

వలేలియా కాగితం దించి అమ్మవైపు చూసింది. ఈ మాటల్లో నాన్న ఎక్కడా దొరకడం లేదని తనకే అర్థమైంది. కాగితం మడిచేసింది.

"మా నాన్న ఈ చర్చిలో ముప్పై ఏళ్లు నిద్రపోయారు."

ముందుగా పాస్టరుగారే నవ్వారు. "నాకు తెలుసమ్మా. మీ అమ్మ ఒక్కోసారి పేజీలు వెనక్కి తిప్పేది."

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. ఆ నవ్వు సద్దుమణిగాక వలేలియా నాన్న ఎందుకు నిద్రపోయేవాడో చెప్పింది. బస్తాల గురించి, తోట గురించి, కోడి కూయని వేళ పొగ గురించి చెప్పింది. రెండు పేజీలు అక్కర్లేకపోయాయి. నవ్వినవాళ్లే కళ్లు తుడుచుకున్నారు. రేవులో ఆయనతో బరువులు మోసిన మనుషులు లేచి నిలబడ్డారు.

ఇది చదువుతున్న మీరు ఆయన్ని ఎరగరు. అయినా ఒక్క మాట. మీకు వేడిగా వండిపెట్టడానికి అందరికంటే ముందు లేచినవాళ్లు ఎక్కడైనా కూర్చుని కునుకు తీస్తుంటే, లేపకండి. ఆ కాసేపు మా నఫతాలిని తలుచుకోండి.