కత్తి ఆగిన రోజు

ఏడో పేజీ దగ్గర నెవెనా షోపోవా చెయ్యి ఆగిపోయింది.

ఆసుపత్రి మత్తు వైద్య విభాగం యాభై ఏళ్ల చరిత్ర పుస్తకం అది. ఇంకా అచ్చు వాసన పోలేదు. ఆ పేజీలో ఇరవై ఆరేళ్ల నెవెనా నవ్వుతోంది. బొమ్మ కింద నాలుగు ముక్కలు: ‘1968 మార్చి. రోగి నాడి పడిపోవడంతో డాక్టర్ షోపోవా ఆపరేషన్ ఆపించింది. ఒక ప్రాణం నిలిచింది. మన విభాగం పుట్టింది.’

నాడి పడిపోలేదు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. వాళ్లలో ఆమె గురువు ప్రొఫెసర్ గెంచెవ్ పోయి పంతొమ్మిదేళ్లయింది.

“పదకొండింటికి సభ మేడమ్. ఈ కథ మీ నోటితో వినాలని అందరూ కాచుక్కూచున్నారు,” అన్నాడు ఇప్పటి విభాగాధిపతి ల్యూబెన్. ఒకప్పుడు ఆమె శిష్యుడే.

ఇంకా గంట ఉంది. ఆమె పాత డ్యూటీ గది వెతుక్కుంటూ వెళ్లింది. కిటికీ అదే. దాని కింద ఒక పిల్ల కాగితం మీద ఏదో రాస్తూ కళ్లు తుడుచుకుంటోంది. కోటు మీద పేరు కాలినా. రెండో ఏడు ట్రైనీ.

“ప్రేమలేఖా?” అంది నెవెనా.

“రాజీనామా అండీ.”

“మొదటిదేనా? నేను నాలుగు రాశాను. గెంచెవ్ గారు వాటి వెనక మందుల జాబితా రాసుకునేవారు.”

కాలినాకు నవ్వు రాలేదు. నిన్న ఆపరేషన్ మధ్యలో గుండె చప్పుడు చూపే తెరమీద గీత చదునైపోయింది. ఆపమని అరిచింది. తీరా చూస్తే తీగ ఊడింది.

“రెండో చోట నాడి చూశావా?”

“చూసేలోపే అరిచేశాను. సర్జన్ రూసెవ్ గారు అందరి ముందూ అన్నారు, షోపోవా గారు ఆపితే ప్రాణం నిలిచింది, నువ్వాపితే నా కాఫీ చల్లారింది అని. నిజమే కదండీ. అందరూ మీలా ఉండలేరు.”

నెవెనా కుర్చీ లాక్కుని కూచుంది.

అప్పట్లో విభాగమే లేదు. సర్జరీ వాళ్ల మెట్ల కింద ఒక గది, మూడు యంత్రాలు, అందులో ఒకటి దగ్గేది. సర్జన్లు మత్తు డాక్టర్లని ‘జోలపాట వాళ్లు’ అనేవారు. మత్తిచ్చే ఈథర్ వాసన కోటుకి పట్టి బస్సుదాకా వచ్చేది. పక్కవాళ్లు జరిగిపోతే సీటు దొరికేది. ఆ వాసన కోసం ఇప్పటికీ ఆమె ముక్కు వెతుక్కుంటుంది.

ఆ మార్చిలో పొగాకు కార్ఖానా మనిషి స్తొయ్నా కడుపు ఆపరేషన్‌కి వచ్చింది. మార్చి వస్తే అక్కడందరూ కట్టుకునే ఎర్ర తెల్ల దారాల తోరం, మనవరాలు కట్టింది, మణికట్టుకి ఉంది. తొలి కొంగ కనబడకుండా దాన్ని కోస్తే ఏడాదంతా అరిష్టమని ఏడ్చింది. నెవెనా చేతికీ తోరం ఉంది. కోయలేకపోయింది. కాస్త పైకి జరిపి మత్తిచ్చింది.

రక్తపోటు చూసే పట్టీ ఒక్కటే. అది పక్క గదికి వెళ్లింది. మిగిలింది నాడిమీద వేళ్లు. సెలైన్ సూది పక్కకి జారి ఆ చెయ్యే ఉబ్బింది. తోరం కండలోకి దిగింది. వేళ్ల కింద చప్పుడు పోయింది.

“ఆపండి,” అంది నెవెనా.

సర్జన్ల పెద్ద తబకోవ్ తలెత్తాడు. జోలపాట వాళ్లు ఆయన్ని ఆపమనడం అదే మొదలు. కత్తి ఆగింది.

గెంచెవ్ పరుగున వచ్చి రోగి మెడమీద వేళ్లు పెట్టాడు. నాడి డోలులా మోగుతోంది. మణికట్టు చూశాడు. తోరం కత్తిరించి జేబులో వేసుకున్నాడు.

“ఇప్పుడు బాగుంది. కానివ్వండి.”

బయటికొచ్చాక ఆమెతో అన్నాడు, “తప్పు నీది. గొంతు మనందరిది. దీనికి జడిసి రేపు నిజంగా ఆపాల్సినప్పుడు నోరు మూసుకున్నావో, అది ఇంతకంటే పెద్ద తప్పు. ఇకమీదట నాడి రెండు చోట్ల చూడు.”

“తబకోవ్ గారికి చెప్పొద్దా?”

“మనకి వేరే విభాగం ఇవ్వాలన్న కాగితం మీద ఆయన సంతకం పెట్టాక చెబుదాం.”

ప్రాణం నిలబెట్టారని తబకోవ్ వారంలో సంతకం పెట్టాడు. చెప్పడం మాత్రం కాలేదు. మెట్ల కింద గది మూడు గదులైంది, తర్వాత ఒక అంతస్తు, తర్వాత నలభైమంది డాక్టర్లు. నాడి రెండు చోట్ల చూడాలని ప్రతి ట్రైనీ వల్లిస్తాడు. ఎందుకో ఎవరికీ తెలీదు.

“ఆ రాజీనామా సభ అయ్యేదాకా జేబులో ఉంచుకో,” అంది నెవెనా లేస్తూ.

హాలు కిటకిటలాడుతోంది. ఆమె తోరం దగ్గర మొదలుపెట్టి, ఉబ్బిన చెయ్యి, జేబులోకి వెళ్లిన దారం, ఏదీ దాచలేదు.

“ఆ రోజు నేనెవర్నీ కాపాడలేదు. భయపడి అరిచాను, అంతే. ఈ విభాగం నా పొరపాటు మీద లేచింది. నిన్న ఇక్కడో అమ్మాయి అదే పొరపాటు చేసింది. నన్ను చూసి నేర్చుకోమన్నారట. నేర్చుకున్నట్టే ఉంది.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూడో వరసలో రూసెవ్ బూట్లు చూసుకుంటున్నాడు.

ల్యూబెన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “మేడమ్, మూడొందల కాపీలు అచ్చయిపోయాయి.”

“పెన్నుందా?”

హాలు ఖాళీ అయినా ఆమె బల్ల దగ్గరే కూచుంది. ప్రతి కాపీలో ఏడో పేజీలో రెండు వాక్యాలు కొట్టేసి, పక్కన వేరే రెండు రాస్తోంది: ‘నాడి ఉంది. నేను తప్పు చోట చూశాను.’ పేజీలు తెరిచి అందిస్తున్నది కాలినా. రాజీనామా కాగితం మడతపెట్టి కదులుతున్న బల్ల కాలి కింద పెట్టింది.

“లేచాక ఆవిడ తోరం అడగలేదా?” అంది నలభయ్యో కాపీ దగ్గర.

“అడగదూ? కొంగ వచ్చిందమ్మా, నువ్వు నిద్రలో ఉన్నావు, నేను చూశాను అన్నారు గెంచెవ్ గారు. ఆ తర్వాత ఆవిడ ఇంకో ఇరవై రెండేళ్లు బతికింది. ప్రతి మార్చికీ ఆయనకో తోరం పంపేది. ఊఁ, తరవాతది ఇలా ఇవ్వు.”