బోల్ట్ తోక మీది మసి

ఫైరింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన నలభై రైఫిళ్లు మధ్యాహ్నానికి వ్యాన్‌లో తిరిగొచ్చాయి. ఆయుధాలు భద్రపరిచే గదిని పోలీసులు కోత్ అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఆ కోత్‌లో పనిచేస్తున్న హెడ్ కానిస్టేబుల్ ఆనందరావు పొడవాటి బల్ల మీద పాత దుప్పటి పరిచి మొదటి రైఫిల్ విప్పాడు. పక్కన కానిస్టేబుల్ పూజిత ఇంకోటి విప్పింది. ఆమెది గౌలిపురలో గేదెలున్న ఇల్లు. కోత్‌లోకి వచ్చి ఏడాదిన్నర అయింది.

రైఫిల్ పేలిన ప్రతిసారీ మందు పొగ వెనక్కి తన్ని, బోల్ట్ మీదా, ఆ బోల్ట్‌ను మోసే క్యారియర్ లోపలా మసి పడుతుంది. బోల్ట్ వెనక కొసను ఆనందరావు తోక అంటాడు. ఆ తోక చుట్టూ మసి పొరలు పొరలుగా పేరుకుని, మాడిన గిన్నె అడుగులా గట్టిపడుతుంది. దానికి నూనె పట్టించి, చాయ్ తాగి వచ్చేంత సేపు నాననిచ్చి, ఇత్తడి రేకుతో నెమ్మదిగా గీకాలి. చాకు పెట్టకూడదు. లోహం మీద గీత పడితే తర్వాతి మసి ఆ గీతలోనే దూరి కూర్చుంటుంది. గీకాక బ్రష్షు, ఆ తర్వాత తెల్ల గుడ్డ, చివర్లో పలచగా నూనె.

కళ్లు మూసుకుని చేయగలిగిన ఆ పని ఆనందరావుకు ఈమధ్య చేతకావడం లేదు. కుడిచెయ్యి వణుకుతోంది. మొదట చలి అనుకున్నాడు, తర్వాత షుగర్ అనుకున్నాడు. ఎండాకాలం వచ్చినా, షుగర్ తగ్గినా వణుకు తగ్గలేదు. ఇత్తడి రేకు తోక మీద ఆనినట్టే ఆని జారిపోతుంది. ఎవరైనా అటు వస్తే చేతిని గుడ్డ కింద పెట్టుకుంటాడు.

ఆ రోజు పదిహేడో నంబరు రైఫిల్ దగ్గర అతను ఓడిపోయాడు. తోక చుట్టూ ఉంగరంలా మసి మిగిలిపోయింది. మూడుసార్లు గీకినా రాలేదు. ఆ తర్వాతవి కొన్ని కూడా సగంలోనే ఆగిపోయాయి. సాయంత్రమైంది. పూజిత తలెత్తి చూస్తుందేమోనన్న తొందరలో వాటిని అట్లాగే బిగించి స్టాండులో పెట్టాడు. పొద్దున్నే వచ్చి ఎవరూ చూడకముందే చేసేద్దామనుకున్నాడు. ఉప్పుగూడలో ఇంటికి చేరి అన్నం ముందు కూర్చున్నా ఆ నల్ల ఉంగరమే కళ్లముందు ఆడింది.

మర్నాడు అందరికంటే ముందు వచ్చి పదిహేడు విప్పాడు. తోక తళతళలాడుతోంది. నమ్మలేక కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. క్యారియర్ లోపల గుడ్డ దూర్చి తీశాడు. గుడ్డ తెల్లగానే వచ్చింది. పద్దెనిమిది విప్పాడు, ఇరవై ఒకటి విప్పాడు. తను సగంలో వదిలేసినవన్నీ పూర్తయి ఉన్నాయి.

పూజిత లోపలికి వచ్చి, బల్ల మీద విప్పి ఉన్న రైఫిళ్లను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె గోళ్ల సందుల్లో నలుపు ఉంది.

"నా పని మీద చెయ్యి పెట్టుమని నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు ఆనందరావు. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"ఎవరు చెప్పలే సార్. మీరు ఇంటికి పోయినంక చేస్తున్న."

"ఎన్ని దినాల సంది నడుస్తుంది గిది?"

"దసరా ముందటి సంది."

అంటే రెండు నెలలు దాటింది. ఆ రెండు నెలలూ తన చెయ్యి ఇంకా కొంచెం పనికొస్తోందనే అతను అనుకుంటూ వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆర్‌ఐ భిక్షపతి సారుకు చెప్పినవా?"

"నేనెందుకు చెప్త సార్?" పూజిత దగ్గరికి వచ్చి నిలబడింది. "నేను కొత్తగ వచ్చినప్పుడు, మొదటి నెల, నా బోల్ట్‌లన్నీ మళ్ల మీరే సాఫ్ చేసేటోళ్లు గద. ఒకరోజు టిఫిన్ డబ్బా మర్చిపోయి వెనక్కొచ్చి చూసిన. మా నాయిన పాల క్యాన్లు కూడ గంత మంచిగ కడగడు, గట్ల కూసొని గీకుతున్నరు. పొద్దున నన్ను ఒక్క మాటనలే. ఈ పిల్లతోని కాదు అని ఎవ్వరికి చెప్పలే. చెప్పుంటే నన్ను గప్పుడే గేటు డ్యూటీకి పంపెటోళ్లు."

ఆనందరావుకు ఆ సంగతి గుర్తుంది. ఆమె చూసిందని మాత్రం తెలియదు.

"అది వేరు బిడ్డా," అన్నాడు. కోపం పోయి గొంతు మెత్తబడింది. "నీకు పని వస్తుందని తెలుసు నాకు. నీ చెయ్యి దినాం మంచిగయితుండె. నాది దినాం ఖరాబయితుంది. నువ్వు సెలవు పెట్టిన రోజు నేనొక రైఫిల్ గిట్లనే బిగించి పంపిన అనుకో. మసి అడ్డం పడి బోల్ట్ పూరా మూసుకోకపోతే, అది పట్టుకున్న పిల్లగాడు ఏం కావాలె?"

పూజిత బల్ల మీద వణుకుతున్న అతని చేతిని చూసింది. ఆనందరావు ఈసారి దాన్ని గుడ్డ కింద పెట్టుకోలేదు.

మధ్యాహ్నం సెలవడిగి ఇంటికి వెళ్లాడు. వేళకాని వేళ వచ్చిన భర్తను చూసి నీలమ్మ కుట్టుమిషన్ ఆపి లేచింది.

"నీలా, నా చెయ్యి బాగలేదే," అన్నాడు గుమ్మంలో నిలబడే.

"నాకెరుక."

"నీకెట్ల ఎరుక?"

"ఆర్నెల్ల సంది నీకు గ్లాసు నిండ చాయ్ పోసిన్నా? సగం పోస్తున్న, తాగినంక మళ్ల సగం పోస్తున్న. నిండ పోస్తే తొణుకుతదని."

"షుగర్ అని తగ్గిస్తున్నవనుకున్న."

"షుగర్ అయితే రెండోసారి ఎందుకు పోస్తనయ్యా?" నవ్వబోయి కళ్లు తుడుచుకుంది నీలమ్మ. "నువ్వే చెప్తవని చూసిన. అడిగితే నీకు కష్టమనిపిస్తదని అడగలే. ప్రతి ఆదివారం ప్రార్థనల ఈ ముచ్చటే చెప్పుకుంటున్న."

ఆమె అతని చేతిని తన రెండు చేతుల మధ్య పట్టుకుంది. అక్కడా అది కాసేపు కొట్టుకుని, తర్వాత కొంచెం నెమ్మదించింది. 

సోమవారం ఆనందరావు రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ భిక్షపతి గదిలోకి వెళ్లి, సెల్యూట్ కొట్టి, రెండు చేతులూ ముందుకు చాచాడు. "సార్, నేనిగ బోల్ట్ ముట్టను. ముట్టొద్దు గూడ. రెండు నెలల సంది నేను వదిలేసినవి పూజిత చేసింది. తప్పు నాది. ఆమెను ఏమనొద్దు."

భిక్షపతి కుర్చీలోంచి లేచాడు. ఆయన కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో మొదటి రైఫిల్ చేతికిచ్చింది ఆనందరావే.

"ముందు డాక్టరుకు చూపియ్ అన్నా," అన్నాడు. "తతిమ్మాది తర్వాత మాట్లాడుదాం."

డాక్టరు అతన్ని నడిపించి చూసి, కాగితం మీద గీతలు గీయించి చూసి, నరాల జబ్బని చెప్పాడు. పూర్తిగా పోదట, మందులతో ముదరకుండా చాలా ఏళ్లు నెట్టుకురావచ్చట. భిక్షపతి ఆ కాగితాలు చదివి ఒక ఆర్డరు రాయించాడు. రైఫిళ్ల పని పూజిత పేరు మీదికి వచ్చింది. కొత్త కానిస్టేబుళ్లకు ఆయుధాల పాఠం చెప్పడం ఆనందరావు వంతయింది. రిటైరవడానికి అతనికి ఇంకా ఏడాదికి పైనే ఉంది.

కోత్ వదిలి వెళ్లాల్సిన రోజు అతను చివరిసారిగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. పూజిత ఒక బోల్ట్‌ను నూనెలోంచి తీసి, గీకి, తుడిచి, అతని ముందుకు తెచ్చింది.

"చూడుండ్రి సార్."

"గుడ్డ తెల్లగ వచ్చిందా?"

"వచ్చింది."

"గుడ్డకు చిక్కనిది గోరుకు చిక్కుతది. అది నీకింకా నేర్పలే." బొటనవేలి గోరు తోక మీద ఆనించబోయాడు. మందులు మొదలుపెట్టి పది రోజులే అయింది. గోరు కుదురుగా నిలవక లోహం మీద టకటకా కొట్టుకుంది. చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"ఆగుండ్రి." పూజిత అతని మణికట్టును బల్ల అంచుకు ఆనించి, ఎడమచేత్తో మెల్లగా అదిమి పట్టుకుంది. గోరు నిలిచింది. కుడిచేత్తో బోల్ట్‌ను ఆ గోరు కింద పెట్టి కొంచెం కొంచెంగా తిప్పసాగింది.

ఆనందరావు కళ్లు మూసుకున్నాడు. నున్నటి లోహం గోరు కింద జారుతూ పోయింది.

"ఆహిస్తా, మెల్లగ," అన్నాడు. "ఇంకొంచెం తిప్పు. ఇంకొంచెం... ఆగు."

"ఉన్నదా సార్?"

"ఉన్నది. సన్నగ మసి, ఎంట్రుక లెక్క. నీ గోరు పెట్టి చూడు."

ఆమె బొటనవేలు అతని బొటనవేలి పక్కన ఆనించి, ఊపిరి బిగబట్టి జరిపింది. ఒకచోట ఆగింది.

"దొరికింది సార్!" అంది, చిన్నపిల్లలా.