కొంగున కట్టిన బుగులు

పొద్దుగాల చాయ తాగుడు, సాంచల షెడ్డుకు, గా కరెంటు మగ్గాలకాడికి పోవుడు, మాపటికి చెవులు గుయ్యిమనంగ ఇల్లు చేరుడు. సిరిసిల్లల వెంకటి బతుకు ముప్పై ఏండ్ల సంది గిదే. సాంచ మీది నుంచి దిగిన బట్టను బల్ల మీద పరిచి, ఏడన్న ముడి తగిలితే గోటితోని విప్పుడు ఆయన పని. ముడి కండ్లవడితే ఆయన వేళ్లు ఊకుండయి. వెంకటిని పెండ్లికి పిలిస్తే కొంగుముళ్లు గూడ విప్పుతడని వాడకట్టోళ్లు పరాచికాలాడుతరు.

ఇంటికాడ ఆయన భార్య శంకరవ్వ తల్లి సచ్చిన అడివి పిల్లలను సాదుతది. కుందేలు గానీ, నెమలి గానీ, ఏది దొరికినా అడివి కాపలా చేసే కరుణాకర్ బండి మీద తెచ్చి ఆమె ఒళ్లె ఏస్తడు. వచ్చిన పిల్ల వణుకుతది, పాలు ముట్టది. శంకరవ్వ దాని వీపు నిమిరి, దాని భయాన్ని, గా బుగులును తీసి కొంగున ముడేస్తది. ఇగ పిల్ల పాలు తాగుతది. పెద్దగైనంక అడివికి తీస్కపోయి, దాని వీపు మీదనే ముడి విప్పి, దాని బుగులు దానికిచ్చి ఇడిసిపెడతది. బుగులు లేనిది అడివిల బతకదు. "అక్కా, చీర ఉతికేటప్పుడు ముడి పైలం" అని పక్కింటోళ్లు యాది చేస్తరు.

ఈసారి దుప్పిపిల్ల. తల్లిని కుక్కలు చంపినయి. నాలుగు నెలలు సీసపాలు తాగి ఏపుగ పెరిగింది. రేపు కోనరావుపేట దిక్కు గుట్టల్ల ఇడవాలె అనంగ శంకరవ్వ తలకు పోసుకోను పోయింది. చీర దండెం మీద ఉన్నది. వెంకటి ఏదో ఆలోచన చేసుకుంట అటు పోతుంటే కొంగున ముడి కనవడ్డది. వేళ్లు పోయి విప్పినయి.

ఎనుక వాకిట్ల గిన్నె పడ్డది. వెంకటి ఉలిక్కిపడి గోడకు అతుక్కపోయిండు. సాంచల మోతల ముప్పై ఏండ్లు బతికినోడు గిన్నె సప్పుడుకు జడిసిండు. పిల్ల బుగులు తనకెక్కిందని సమజైంది. ఉత్త కొంగును మళ్ల ముడేసిండు.

శంకరవ్వ తల తుడుసుకుంట వచ్చింది. "ఏంది, గట్ల నిలవడ్డవ్?"

చెప్పాలె అనుకున్నడు. ఆమె గొంతు ఇనంగనే గోడ మూలకు జరిగిండు.

"ఏం లేదు" అన్నడు. చెప్పనియ్యనిది గా బుగులే.

తెల్లారి ఆటోల పోయి గుట్టకాడ పిల్ల వీపు మీద శంకరవ్వ ముడి విప్పింది. పిల్ల ఉరకలే, ఆమె చెయ్యి నాకింది.

"ఒక్కోదానికి ఆలిస్యంగ ఎక్కుతది తియ్, అక్కా" అని కరుణాకర్ తొందరవెట్టిండు. వెంకటి ఆటో దిగలే. అప్పుడన్న నోరు విప్పొచ్చు. విప్పలే.

మూడో దినం కరుణాకర్ వచ్చి వాకిట్లనే ఆగిండు.

"అక్కా, మక్క చేన్లకు కుక్కలు వచ్చినయట. దుప్పులన్ని ఉరికినయట. మనది వాటికి ఎదురు పోయి మూతి వాసన సూసిందట." తలకాయ దించుకొని బండి తిప్పిండు.

శంకరవ్వ లోపలికి వచ్చింది. కుక్కల మాట ఇన్న వెంకటి మంచం కింద ముడుసుకొని ఉన్నడు. ఆ చూపు ఆమె ఎరిగినదే. నాలుగు నెలల కింద తన ఒళ్లెకు వచ్చిన పిల్ల గట్లనే చూసింది.

"నువ్వే ఇప్పినవా?"

"చేతులు ఊకుంటయా నాయి. చెప్పుదామంటే భయమైంది" అన్నడు. మంచం కిందికెల్లి వీపు ఇటు తిప్పి, "నా వీపు నిమురు, శంకరి. గిది కట్టుకో. తట్టుకుంటలేను" అన్నడు.

ఆమె చెయ్యి వీపు దాక పోయి ఆగింది. కొంగు తీసి నడుముకు చెక్కుకున్నది.

"ఉండనియ్యి" అన్నది. "దానిది గంతే మిగిలింది."

వెంకటి మళ్ల సాంచల మొకం సూడలే. వాడకట్టుల కుక్క మొరిగితే మంచం కిందికి పోతడు. శంకరవ్వ పాలు కాచి మంచం పక్కన పెట్టి, సప్పుడు గాకుంట అవతలికి పోతది.