వంటింట్లో క్లయింటు

భానుశ్రీ చపాతీలు ఒత్తుతూ మొగుణ్ణి చెడామడా తిట్టింది. ఇంగ్లీషులో తిట్టింది. చెప్పిన గడువుకి పని ఎందుకు పూర్తికాలేదని, మీ మాట నమ్ముకున్నందుకు మా పైవాళ్ళకి నేనేం జవాబు చెప్పుకోవాలని గదమాయించింది. స్టూలు మీద కూర్చున్న రవికిరణ్ నడుం నిటారుగా పెట్టి, "ఐ అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్, సర్. లెట్ మీ వాక్ యూ త్రూ ది డిలే" అన్నాడు. ఒక్క తప్పు లేదు. ఆ సంబరంలో వెంటనే, "హమ్మయ్య, వచ్చేసింది! ఇవాళ్టికి చాలు. మంచినీళ్ళు పట్రా" అన్నాడు. మంచినీళ్ళ బిందె అతని మోచేతి పక్కనే ఉంది.

మూసాపేటలో ఆ రెండు గదుల పోర్షన్‌లో ఆర్నెల్లుగా ఇదే తంతు. రవికిరణ్‌ది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండువేల సంవత్సరం వచ్చేస్తోందని, కంప్యూటర్లు తారీఖులు మరిచిపోతాయని అమెరికా వాళ్ళు బెంబేలెత్తి తెచ్చిన పనితో వాళ్ళ కంపెనీ కళకళలాడుతోంది. ప్రోగ్రాములు రాయడంలో దిట్టే, కానీ ఫోన్లో అమెరికావాడు పలకరిస్తే నాలుక పిడచకట్టుకుపోయేది. మొదటిసారి మాట్లాడినరోజు అవతలివాడు మూడుసార్లు 'పార్డన్' అన్నాడట. ఇంటికొచ్చి తల పట్టుకు కూర్చున్నాడు. భానుశ్రీకి జాలేసింది. ఇంకేముంది, ఇరుక్కుంది. పెళ్ళికి ముందు గుడివాడ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి కదా, మళ్ళీ ఆ పాఠాల మీదికి గాలి మళ్ళింది.

"ఇదేం బ్రహ్మవిద్య కాదండీ," అంది అప్పుడు. "జంతికల గొట్టానికి బిళ్ళలుంటాయి చూడండి, రోజువారీ ఇంగ్లీషుకి అలాంటివి ఓ పదీ పన్నెండూ ఉంటే చాలు. ఇట్ టేక్స్ టూ డేస్ టు ఫిక్స్. ఇట్ టేక్స్ టెన్ మినిట్స్ టు రీచ్. బిళ్ళ అదే, పిండి మార్చుకోవడమే." అలా ఒక్కొక్క బిళ్ళా మార్చి వాక్యాలు చెప్పించింది. చెప్పించడానికి తనే క్లయింటు వేషం కట్టింది. ఆ కాసేపూ రవికిరణ్ ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగేవాడు. ఆమె ప్రశ్నకి జవాబిచ్చేవాడు. థాంక్యూ అనేవాడు. వేషం దిగితే మళ్ళీ మామూలే.

అతనికి అన్నిటికంటే తొందరగా పట్టుబడిన వాక్యం ఒకటుంది. చేసినవాళ్ళ ఊసు లేకుండా పని దానంతటదే జరిగిపోయినట్టు చెప్పడం. ది రిపోర్ట్ హాజ్ బీన్ ప్రిపేర్డ్. ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. పట్టుబడదూ మరి! మహానుభావుడికి ఉగ్గుపాలతో వచ్చిన విద్యాయె. వంటైందా? బట్టలు ఇస్త్రీ అయ్యాయా? అమ్మకి కాఫీ వెళ్ళిందా? ఆ ఇంట్లో అన్నం తనంత తానే ఉడుకుతుంది, చొక్కాలు వాటంతట అవే మడతపడతాయి, కాఫీ కాళ్ళొచ్చినట్టు నడిచి అత్తగారి మంచం దగ్గరికి వెళ్తుంది. ఇంతకాలం తను ఈ ఇంట్లో ఉండి చేసిందేమిటో భానుశ్రీకే అనుమానం వచ్చేది.

అత్తగారు పుణ్యవతమ్మది ఇంకో భాగవతం. కొడుకే కోడలికి ఇంగ్లీషు నేర్పుతున్నాడని ఆవిడ నమ్మకం. భీమవరంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "పాపం, ఆఫీసులో చచ్చేంత చాకిరీ చేసొచ్చి పెళ్ళానికి పాఠాలు చెబుతున్నాడే మా పిచ్చినాయన! అదేమో చదువెక్కక వాడిమీద కయ్యిమని అరుస్తుంది. ఎంఏ అంటే ఏం ఎంఏలే, ప్రైవేటుగా కట్టిందే కదా" అని చెప్పింది. భానుశ్రీ వంటింట్లోంచి విన్నది. ఆ రాత్రే మొగుణ్ణి అడిగింది, ఉన్నమాట మీ అమ్మగారికి చెప్పమని. "పోనీలే, పెద్దావిడ, ఏదో అనుకుంటుంది. నీకేం పోయింది?" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇంటి ఓనరు సక్కుబాయి నయం. ఓరోజు మేడ దిగుతూ ఆపి, "ఏంది భానమ్మా, పొద్దుమూకితే చాలు మీ ఆయన సార్ సార్ అంటుండు. ఎవరొస్తున్నరు మీ ఇంటికి?" అని అడిగింది.

"ఎవరూ రావట్లేదండీ. నన్నే అంటున్నారు."

"గట్లనా!" సక్కుబాయి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆయనతోని గూడ ఒక్కపారి అనిపియ్యరాదు, జర చెవులకు సల్లగుంటది."

సోమవారం పొద్దున రవికిరణ్ బస్సెక్కిన కాసేపటికి ఫోన్ మోగింది. ప్రవీణగారు, అతని మేనేజరు. ఏదో ఫైలు గురించి ఇంగ్లీషులో అడిగింది. అతను దారిలో ఉన్నాడనీ, కాసేపట్లో ఆఫీసుకి చేరతాడనీ భానుశ్రీ ఇంగ్లీషులోనే చెప్పింది. ఆ ఫైల్లో ఏముందో కూడా చెప్పింది, దానికి ముందుమాట రాసింది తనే కాబట్టి. "లెట్ మీ వాక్ యూ త్రూ ఇట్" అంటూ మొదలుపెట్టగానే అవతల ఆవిడ నవ్వేసింది.

"ఈ మాట మా ఆఫీసులో రోజూ వింటున్నానండీ, మీవారి నోట. మాటలో నొక్కు కూడా ఇదే. అతనికి నేర్పింది మీరేనా?"

భానుశ్రీ "అవునండీ" అంది. తన నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి.

"మా దగ్గర ఇలా నోరు పెగలనివాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. నేర్పేవాళ్ళ కోసమే చూస్తున్నాం. జీతం ఇస్తాం. గురువారం పదకొండింటికి వచ్చి ఒక పాఠం చెప్పి చూపించండి. రేపెల్లుండిలో ఏ మాటా చెప్పండి."

రెండు రోజులు భానుశ్రీ నేలమీద నడవలేదు. బుధవారం సాయంత్రం చెప్పగానే రవికిరణ్ మొహం మాడిపోయింది.

"నా ఆఫీసులోనా? క్యాసెట్లు విని సొంతంగా నేర్చుకున్నానని అందరికీ చెప్పుకున్నాను. నువ్వెళ్ళి బోర్డు ముందు నిలబడితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? వచ్చే నెల ప్రమోషన్ల మీటింగు కూడా ఉంది. అయినా నీకు పాఠాలు చెప్పాలని అంత సరదాగా ఉంటే నాకు చెప్తున్నావుగా, చాలదూ?"

"నాకు ఉద్యోగం కావాలండీ."

"ఇప్పుడు నీకేం తక్కువైంది? ఫోన్ చేసి రానని చెప్పెయ్. ఆవిడ నా మేనేజరు, మర్యాదగా చెప్పాలి. నేను వద్దన్నానని తెలియకూడదు." ఒక్క నిమిషం గోళ్ళు కొరుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమంటే బాగుంటుందో నువ్వే ఒక మంచి వాక్యం ఆలోచించు" అన్నాడు.

భానుశ్రీ అతన్ని ఎగాదిగా చూసింది. కోపం రాలేదు. కోపం రావడానికి ఎదుటివాడు మనకు సమానంగానైనా కనబడాలి. నా కాళ్ళు విరగ్గొట్టడానికి కర్ర కూడా నన్నే తెచ్చిపెట్టమంటున్నాడు, అనుకుంది. సొంతంగా 'కాదు' అనే ఒక్క మాట కూడా లేదు ఈ మనిషి దగ్గర! ఇతనికా నేను ఇన్నేళ్ళు జడిసింది? ఈ పిరికి సన్నాసి మూతి ముడుచుకుంటాడనా గుడివాడ కాలేజీ వాళ్ళు మళ్ళీ ఉద్యోగంలో చేరమని రెండుసార్లు ఉత్తరం రాసినా జవాబు కూడా రాయలేదు? సిగ్గేసింది, అతని గురించి కాదు, తన గురించి. ఇంత చవగ్గా లొంగిపోయినందుకు.

చేతికంటిన పిండి దులుపుకుని ముందుగదిలోకి నడిచింది. రవికిరణ్ కూడా వచ్చి ఫోన్ పక్కన కాపలా నిలబడ్డాడు. పుణ్యవతమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ప్రవీణగారు ఇంకా ఆఫీసులోనే ఉంది, వెంటనే పలికింది. రవికిరణ్ మర్యాదగా, మర్యాదగా అని చేత్తో సైగ చేశాడు. భానుశ్రీ ఒక్కసారి అత్తగారి వైపు చూసి, ఇంగ్లీషు పక్కన పెట్టి, గది గదంతా వినబడేలా తెలుగులో మొదలుపెట్టింది.

"ప్రవీణగారూ, నేను భానుశ్రీనండీ. రేపు పదకొండింటికి వస్తున్నాను. ఆర్నెల్లుగా మావారికి ఇంట్లో ఊరికే చెప్పాను, ఇక మీ దగ్గర జీతానికి చెప్తాను. ఆయన్ని కూడా క్లాసులో కూర్చోమనండి, ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది."

రవికిరణ్ సైగ చేసిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. పుణ్యవతమ్మ చిక్కుడుకాయ వదిలేసి, "అదేమిట్రా, నువ్వు కదూ దానికి నేర్పుతున్నది? ఎవరు ఎవరికి చెబుతున్నారు పాఠాలు?" అంది.

భానుశ్రీ ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది.

"చెప్పండి మీ అమ్మగారికి. తెలుగులోనే చెప్పొచ్చు."