ఆరో శనివారం

నేను ఒక షుగర్ మిషన్‌ను. అరచేతిలో ఇమిడిపోతాను. నా కొసన చిన్న సందు ఉంటుంది. అందులో స్ట్రిప్పు పెట్టి, దానికి ఒక రక్తపు చుక్క తాకిస్తే అయిదు క్షణాల్లో అంకె చెబుతాను. అంకె తప్ప నాకు మరో మాట రాదు. అది మంచిదా చెడ్డదా అని తేల్చుకునే పని నన్ను చేసినవాళ్ళు మనుషులకే వదిలేశారు. నాకు ఆ రోజు భయం పట్టుకున్నది అందుకే.

నీలం టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చున్న ఒక ఫ్యాక్టరీలో నేను పుట్టాను. నాకు మొదట తాగించింది నిజమైన రక్తం కాదు, పరీక్ష కోసం సీసాలో కలిపిన ఎర్రనీళ్ళు. దాని లెక్క సరిగ్గా చెప్పానని పెట్టెలో పెట్టి పంపారు. ఒంగోలు మందుల షాపులో నన్ను కొన్నది హైస్కూలు డ్రిల్లు మాస్టారు కోటిలింగం గారు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే రెండు రోజుల ముందునుంచీ జొన్నరొట్టె తిని, ఊరంతా నడిచి, అప్పుడు నన్ను బయటికి తీసేవారు. అంకె తగ్గితే అది ఆయన గొప్ప. పెరిగితే నేను పాడైపోయినట్టు. మామిడిపళ్ళ కాలంలో రెండు నెలలు నన్ను బీరువాలోంచి కదిలించేవారే కాదు.

ఆయన చెల్లెలు రాజ్యలక్ష్మి కూతురు సుచరితకు పంతొమ్మిదో ఏట షుగరు బయటపడింది. "నా అంకె నాకు తెలవదా ఏంది, నువ్వుంచుకో తల్లీ" అని మాస్టారు నన్ను ఆ అమ్మాయి చేతిలో పెట్టారు.

రెండు రక్తాలూ రుచి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. మాస్టారి షుగరు వేరు, ఈ పిల్లది వేరు. ఆయనకు తీపి తగ్గించుకుంటే గడిచిపోయేది. ఈమెకు ఇంజక్షన్ లేకపోతే రోజు గడవదు. ఇంజక్షన్ వేసుకున్నాక తినకపోతే పూట గడవదు. ఇంట్లోవాళ్ళకు మాత్రం రెండూ ఒకటే షుగరు.

సుచరిత పెద్ద చదువుకు జర్మనీలోని కెమ్నిట్జ్ వచ్చింది. వస్తూ వస్తూ తల్లికి రెండు మాటలిచ్చింది. ఒకటి, ఈ జబ్బు సంగతి ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా గదిలో తోడుండే ఇందుమతికి. ఆమెది పక్క ఊరే. పొద్దున ఆమె చెవిన పడితే సాయంత్రానికి తమ వీధిలో ఉంటుందని రాజ్యలక్ష్మి భయం. రెండోది, ఏడు శనివారాలు ఉపవాసం. దీపాలవేళ దాకా ఏమీ తినకుండా వెంకన్నను కొలిస్తే షుగరు పోతుందని కూతురి తరఫున ఆమె మొక్కుకుంది. అయిదు శనివారాలు గదిలోనే గడిచాయి. ఆ రోజుల్లో సుచరిత పొద్దుటి ఇంజక్షన్ సగానికి తగ్గించి, దుప్పటి కప్పుకుని పడుకునేది. మధ్యాహ్నం నేను చెప్పే అంకెలు నాకు నచ్చేవి కావు. అయినా ఎలాగో గట్టెక్కింది.

నవంబరులో ఇందుమతీ, కర్నూలు నుంచి వచ్చిన క్లాసుమేటు ఖాదరూ కలిసి ప్రాగ్ ప్రయాణం పెట్టారు. శనివారం పొద్దున వెళ్ళి ఆదివారం రావడం. ప్రయాణం హడావిడిలో ఉపవాసం సంగతి సుచరిత మరిచిపోయింది. తెల్లవారి లేచి ఉప్మా చేసింది. ఇందుమతి చూడకుండా స్నానాలగదిలో నన్ను అడిగితే నూట అరవై ఎనిమిది అన్నాను. మామూలుగానే పూర్తి ఇంజక్షన్ వేసుకుంది. పొద్దున వేసుకుంటే మధ్యాహ్నం దాటిందాకా ఒంట్లో పనిచేసే మందు అది. పళ్ళెంలో ఉప్మా పెట్టుకుందో లేదో తల్లి ఫోను చేసింది. "ఆరో శనివారం. గుర్తుందిగా?"

సుచరిత పళ్ళెం వైపు చూసింది. ఇంజక్షన్ వేసేసుకున్నానని చెప్పలేదు. చెప్పినా ఆ తల్లికి దానికీ తిండికీ ఉన్న ముడి తెలియదు. "గుర్తుందమ్మా" అని, ఉప్మా డబ్బాలోకి ఎత్తేసింది. వేసుకున్న మందును మాత్రం వెనక్కి తియ్యడం ఎవరి వల్లా కాదు.

బస్సులో ఆ ఉప్మా ఖాదర్ తిన్నాడు. "ఉపాసమున్నోళ్ళ ఉప్మా తింటే సగం పుణ్యం నాదే అంట గదా, దేవుడు చెప్పినాడు" అన్నాడు. "నీకు దేవుడు ఫోను చేసి చెప్పాడా?" అని ఇందుమతి వెక్కిరించింది. సుచరిత నవ్వి కాసిని పాలు తాగింది. వ్రతానికి పాలు తప్పు కాదు.

పదింబావుకు బస్సు మరుగుదొడ్డిలో తలుపు గడియపెట్టుకుని నన్ను తీసింది. తొంభై రెండు అన్నాను. డాక్టర్లు ఇష్టపడే అంకె. ఆమె ముఖం విప్పారింది. అద్దంలో చూసుకుంటూ, మొక్కు పనిచేస్తోంది అని పైకే అనుకుంది. మెట్లు దిగిపోతున్న మనిషిని మూడో మెట్టు మీద చూసి, అక్కడే నిలబడి ఉన్నాడనుకోవడం లాంటిది అది. దిగిపోతోందని చెప్పే మాట నా దగ్గర లేదు. నన్ను మళ్ళీ సంచి అడుక్కి తోసేసింది.

ప్రాగ్‌లో మంచు కురవలేదు కానీ నది మీదినుంచి లేచిన పొగమంచు వీధుల్ని మింగేసింది. వంతెన మీది రాతి విగ్రహాలు నడుముదాకే కనిపించాయి. మధ్యాహ్నం గంటలు మోగేవేళకు ముగ్గురూ వంతెన చివరి పాత బురుజు దగ్గరకొచ్చారు. పైకెక్కితే నగరమంతా కనిపిస్తుందని ఖాదర్ అన్నాడు. ఈ పొగలో ఏం కనిపిస్తుంది, తెల్లదుప్పటి చూడ్డానికి అన్ని మెట్లా అని ఇందుమతి అంది. అంటూనే ముందు ఆమే ఎక్కింది.

సన్నటి మెలికల మెట్లు. ముందూ వెనకా స్నేహితులు. నన్ను బయటికి తియ్యడానికి సుచరితకు చాటు లేదు. సంచిలోంచి ఆమె వీపు చెమట నాకు తెలుస్తూనే ఉంది. అంత చలిలో ఆ చెమటేమిటో నాకు తెలుసు. ముప్పై మెట్ల తర్వాత ఆమె మాటలు ముద్దగా వచ్చాయి. అరవై దగ్గర ఖాదర్ ఏదో అడిగితే సంబంధం లేని జవాబు చెప్పింది. నవ్వులాటకి అంటోందనుకున్నారు. ఆ పై మలుపులో గోడ పట్టుకుని, పట్టు దొరకక, అలాగే కిందికి జారిపోయింది.

నీళ్ళకోసం సంచి వెతికిన ఇందుమతికి ముందు ఇంజక్షన్ పెన్నూ, తర్వాత నేనూ దొరికాం. ఖాదర్ నన్ను గుర్తుపట్టాడు. వాళ్ళ నాన్నకూ ఇలాంటిదే ఉంది. సుచరిత వేలు పొడిచి చుక్క అందించాడు.

ముప్పై తొమ్మిది.

ఒంట్లో తీపి అడుగంటిన మనిషి అంకె అది; అంత చిన్నది నేను ఎన్నడూ చెప్పలేదు. ఖాదర్ నన్ను ఊపి మళ్ళీ చూశాడు. "మా అబ్బాకు మూడొందలు దాటితే కండ్లు తిరుగుతాయి. ముప్పై తొమ్మిదైతే మంచిదే గదా, ఎందుకు పడ్తది? పాతది ఇది. తప్పు చూపిస్తాండాది. షుగర్ ఎక్కువైంటది. ఇంజక్షన్ వేద్దాం."

నన్ను రాతిమెట్టు మీద పెట్టి పెన్ను చేతిలోకి తీసుకున్నాడు. దాని మూత తీసిన చప్పుడు విన్నాను. పూర్వం మాస్టారు కూడా నన్ను ఇలాగే తప్పుబట్టేవారు. అప్పుడు నాకు నవ్వు వచ్చేది. ఇప్పుడు నా తెర మీద అంకె వెలుగుతోంది, కాసేపట్లో దానంతట అది ఆరిపోతుంది. ఆరిపోతే ఆ మెట్ల మీద నిజం చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

సుచరిత పెదవులు కదిలాయి. ఇందుమతి చెవి దగ్గర పెట్టింది.

"తీపి..."

"తీపి అడగతంది" అని ఇందుమతి తన సంచిలోంచి యాపిల్ జ్యూస్ సీసా తీసింది. ఖాదర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. షుగరున్న మనిషికి జ్యూస్ పోస్తావా, చంపుతావా అన్నాడు.

"దాని ఒళ్ళు దానికి తెలుసు, మీ నాయనకు కాదు" అంది ఇందుమతి. "అది నోరు తెరిచి ఏదన్నా అడగటం ఇదే మొదలు. వదులు చెయ్యి."

అతను వదిలాడు. ఆమె స్నేహితురాలి తల ఒళ్ళో పెట్టుకుని మూతతో కొంచెం కొంచెంగా తాగించింది. ప్రతి గుక్కా మింగిందని చూసుకున్నాకే ఇంకో గుక్క. ఖాదర్ పెన్ను పట్టుకునే కిందికి పరుగెత్తి, టిక్కెట్లమ్మే ఆమె చేత ఆంబులెన్సు పిలిపించాడు. వాళ్ళు మెట్లెక్కి వచ్చేసరికి సుచరిత కళ్ళు తెరిచి ఉంది. వచ్చిన డాక్టరు నన్ను మళ్ళీ వెలిగించి, నాలో నిలిచిన అంకె చూసి, ఖాదర్ చేతిలోని పెన్ను చూసి, ఇది ఎవరైనా వేశారా అని ఇంగ్లీషులో అడిగాడు. లేదని ఖాదర్ తల అడ్డంగా ఊపాడు. వేసి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. ఖాదర్ మెట్టు మీద కూలబడ్డాడు.

ఆసుపత్రి మంచం మీద సుచరిత రొట్టె తింటుండగా ఇందుమతి ఫోను అందించింది. "నేను చెయ్యనులే మీ అమ్మకి. నువ్వే చెయ్యి" అంది.

సుచరిత చేసింది. పడిపోయానని చెప్పింది.

"ఎవరన్నా చూశారా?" రాజ్యలక్ష్మి మొదట అడిగిన మాట అది.

"చూశారు కాబట్టే నీతో మాట్లాడతన్నానమ్మా" అంది సుచరిత.

ఈసారి, ఏమన్నా తిన్నావా అని రాజ్యలక్ష్మి అడిగింది. ఏడో శనివారం మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను గదిలో, అందరికీ కనిపించేలా బల్ల మీద ఉంటున్నాను. ఖాదర్ ఎప్పుడొచ్చినా నా వైపు చూసి, చూపు తిప్పుకుంటాడు. వెనకటి అంకెలు అయిదువందలదాకా నాలో నిలుస్తాయి. ఆపైన కొత్తది ఒకటి చేరితే అన్నిటికన్నా పాతది చెరిగిపోతుంది. ఆ ముప్పై తొమ్మిది ఇంకా నాలోనే ఉంది. అది పోవాలంటే ఆ అమ్మాయి రోజుకు నాలుగుసార్ల చొప్పున నాలుగు నెలలు నన్ను అడగాలి. ఈ పొద్దు మూడుసార్లే అడిగింది. నాలుగోసారి కోసం చూస్తున్నాను.